‘ఇంకో రెండేండ్లు సార్’: దుబాయ్ నుంచి తిరుగు తేదీ పెట్టుకున్న ఒకతని కేసు

మా ఉత్తర తెలంగాణ జిల్లాల్లో గల్ఫ్ నుంచి మనిషి తిరిగి రావడం ఎక్కువగా మూడు రకాలు. ఆరోగ్యం చెడి రావడం, కల్లివెల్లి అయ్యి (కంపెనీ వదిలేసి, కాగితాలు లేకుండా అక్కడే ఉండిపోయి) ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లకిచ్చే తాత్కాలిక ప్రయాణ కాగితం మీద రావడం, లేదంటే పెట్టెలో రావడం. ఫలానా తేదీకి వస్తానని ముందే అనుకొని, ఆ తేదీకి దిగినవాళ్లను నా పదిహేనేళ్ల పనిలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి ఒకతని కేసు ఇది. ఇందులో నేను రెండుసార్లు తప్పటడుగు వేశాను కాబట్టే రాయాలనిపించింది.

నేను ఆర్థిక సలహాదారుని. కమీషన్ తీసుకోను, ఫీజు తీసుకుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా గల్ఫ్ కుటుంబాలే. అతని పేరు, ఊరు, కంపెనీ రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను.

అతను వచ్చిన నాటికి

2021 నవంబర్‌లో సెలవు మీద వచ్చినప్పుడు మొదటిసారి కలిశాడు. అప్పటికి 38 ఏళ్లు. 2007లో ఏజెంటుకు కట్టడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి 80 వేలు తెచ్చి, హెల్పర్‌గా వెళ్లాడు. మొదటి కంపెనీ అయిపోయాక 2011 ఆఖర్లో ఇంటికొచ్చి, 2012 ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఇప్పటి కంపెనీలో చేరాడు. ఏసీ డక్టింగ్ పని, అంటే చల్లగాలి పోయే గొట్టాలు బిగించడం. చేతికి 2,600 దిర్హమ్‌లు, అందులో బేసిక్ 1,800. తిండికీ ఫోనుకూ పోగా నెలకు 1,900 పంపేవాడు. అప్పటి లెక్కన 38 వేల రూపాయలు.

భార్య అతనికంటే ఏడేళ్లు చిన్నది. బిడ్డ 2011లో, కొడుకు 2014 చివర్లో పుట్టారు. తండ్రికి డెబ్బైకి దగ్గర. ఊళ్లో రెండంతస్తుల స్లాబు ఇల్లు ఉంది, కింద ఇద్దరు పెద్దవాళ్లూ ఇద్దరు పిల్లలూ ఉంటారు, పైన తాళం. రెండెకరాల పొలం కౌలుకిచ్చారు. ఒక ప్లాటు, పన్నెండు తులాల బంగారం, మూడు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, ఒక చిట్టీ. ఇవి గాక తిరిగి వస్తాయో రావో తెలియని చేబదుళ్లు రెండున్నర లక్షలు. టర్మ్ ఇన్సూరెన్స్ (మనిషి పోతే ఇంటికి డబ్బొచ్చే పాలసీ) లేదు.

కూర్చోగానే అతను అడిగింది ఒకటే. “ముప్పై లక్షలు చేస్తే వచ్చేయొచ్చా సార్?”

ఈ ముప్పై ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. ముందు అప్పు తీరితే చాలనుకున్నాడట. తర్వాత చెల్లె పెళ్లి. తర్వాత ఇల్లు. ఇల్లయ్యాక ‘పది లక్షలు చేతిలో ఉంటే’ అనుకున్నాడు. పదినీ కళ్లజూశాడు. ఈలోగా రూమ్మేట్ ఒకతను ‘ఈ కాలంలో ముప్పై లేంది ఏం జేస్తవ్ ఊళ్లె’ అన్నాడు. గమ్యం ప్రతిసారీ ఒక అంకె, ఆ అంకె దగ్గరికి రాగానే అది ఇంకొంచెం ముందుకు జరిగేది. పద్నాలుగేళ్లలో ఏడుసార్లు ‘ఇంకో రెండేండ్లు’ అనుకున్నాడు. ఒక్కసారి కూడా కూర్చొని నిర్ణయం తీసుకోలేదు. వీసా రెన్యూవల్ అయ్యేది, అదే నిర్ణయం.

మొదటి తప్పు: అంకెకు అంకెతో జవాబు

ఇదంతా విని కూడా నాకు తెలిసిన పనే చేశాను. పిల్లల చదువుకింత, బిడ్డ పెళ్లికింత, అరవై తర్వాత ఇంత అని లెక్కలు కట్టి, ముప్పై సరిపోదు, నలభై రెండు కావాలని తేల్చాను. ఎన్ఆర్ఈ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి బ్యాంకులో తెరిచేది) సరిచేయించి, 50 లక్షల టర్మ్ పాలసీ తీయించి, 2022 జనవరి నుంచి నెలకు పది వేల సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) పెట్టించాను.

పద్నాలుగు నెలలు కట్టాడు. 2023 మార్చిలో అది ఆపేసి, ఉన్నదంతా తీసి, పైన నాలుగు లక్షలు గోల్డ్ లోన్ పెట్టి రెండో ప్లాటు కొన్నాడు. బైపాస్ వస్తుందని బామ్మర్ది చెప్పాడట. నాకు చెప్పింది కొన్నాక.

మొదట కోపం వచ్చిన మాట నిజం. తర్వాత కాగితం ముందు పెట్టుకొని చూస్తే అతని తప్పు కనిపించలేదు. నేనిచ్చిన ప్లానులో ఉన్నది డబ్బు పెరగడం ఒక్కటే. బామ్మర్ది చెప్పిందీ అదే, కాకపోతే ఇంకా తొందరగా పెరిగే దారి. రెండింటిలో ఎక్కువ ఆశ చూపిన దాన్ని అతను ఎంచుకున్నాడు. ఆ ప్లాటు వద్దనడానికి నా ప్లానులో కారణమే లేదు. మనిషి ఎక్కడ బతకాలనుకుంటున్నాడో, ఏం చేస్తూ బతకాలనుకుంటున్నాడో అందులో ఒక్క ముక్క ఉండి ఉంటే, ‘దానికి ఈ ప్లాటు పనికొస్తుందా’ అని అడిగే వీలుండేది. ఆ ప్లానులో ఈ రోజుకీ నిలిచింది టర్మ్ పాలసీ ఒక్కటే.

రెండో తప్పు: పెద్ద ప్రశ్న, ఒంటరి మనిషి

ఈసారి అటు చివరకు పోయాను. ‘జీవితంలో నీకేం కావాలి?’ అని మొదలుపెట్టాను. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, బోటిమ్ అనే యాప్‌లో మాట్లాడుకునేవాళ్లం. క్యాంపులో ఆరుగురు ఉండే గదిలో, మంచం మీద దుప్పటి అడ్డం కట్టుకొని, రాత్రి పదికి, పదకొండు గంటల డ్యూటీ తర్వాత. అక్కడ కూర్చున్న మనిషిని నేను అడుగుతున్నది ‘పదేళ్ల తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావ్’ అని! ‘మీరే చెప్పుండ్రి సార్’ అనేవాడు. రెండో కాల్‌లో అయితే నిద్రపోయాడు.

చివరికి నేనే తొందరపెట్టి ఒక తేదీ రాయించాను: 2024 డిసెంబర్. సరేనన్నాడు.

మూడు వారాలకు అతని భార్య ఆఫీసుకు వచ్చింది. అప్పటిదాకా ఆమెను నేను చూడలేదు. చేతిలో మహిళా సంఘం పొదుపు పుస్తకం ఉంది, ఆ పక్కనే బ్యాంకుకు వచ్చిందట. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఆయన రావద్దని నేనంటలేను సార్. వచ్చి ఏం జేస్తడో చెప్పుమనుండ్రి. మా బావ గిట్లనే వచ్చిండు. పొద్దున లేస్తే బెల్టు షాపు కాడనే ఉంటడు. ఈయన గూడ గట్ల కూసుంటె ఎట్ల?”

మాట్లాడుతుంటే తెలిసింది. అతను లేని పన్నెండేళ్లలో ఆ ఇంటిని నడిపింది ఆమె. సంఘంలో లోను తీసి రెండు కుట్టుమిషన్లు పెట్టింది, పెళ్లిళ్ల కాలంలో బ్లౌజులు కుట్టి నెలకు ఐదారు వేలు తెచ్చుకుంటోంది. పిల్లల స్కూలు, మామ మందులు, కౌలు లెక్క అన్నీ ఆమెవే. మా ప్లానులో ఆమె ‘ఇంటి ఖర్చు’ అనే గడిలో ఒక అంకె మాత్రమే. ఒక మనిషి దారి మార్చుకుంటే అదే ఇంట్లో ఉన్న ఇంకొకరి దారి కూడా మారుతుందన్న మామూలు సంగతి నాకు తట్టలేదు.

ఆ తేదీని పక్కన పెట్టేశాను. అతనికి ఫోన్ చేసి ఒక్కటే అడిగాను. నవంబర్‌లో రావాల్సిన సెలవును మార్చికి జరుపుకోగలవా అని. ఎందుకంటే, అప్పటికి నాకు ఒకటి స్పష్టమైంది: అతనికి చేతిలో ఉన్న విద్య ఏసీ పని. ఊళ్లో ఆ విద్య మీద బతకొచ్చా లేదా అన్నది ఫోన్లో తేలదు, నవంబర్ చలిలో అసలే తేలదు.

వయసుల పట్టిక

2024 మార్చిలో ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాను. డబ్బు మాట ఎత్తకుండా తెల్లకాగితం మీద గీతలు గీసి, ఎడమ పక్క సంవత్సరాలు రాసి, పైన ఇంట్లోవాళ్లందరినీ రాయమన్నాను. అతనే రాశాడు.

2024: తను 41, భార్య 34, బిడ్డ 13, కొడుకు 10, బాపు 70. 2029: 46, 39, 18, 15, 75. 2034: 51, 44, 23, 20, 80.

‘బిడ్డ పెళ్లయినంక వచ్చేస్త’ అని అతను అప్పటిదాకా అనేవాడు. ఆ మాట పట్టికలో ఎక్కడ పడుతుందో వేలు పెట్టి చూపించమన్నాను. వేలు కిందికి జరిగి 2034 దగ్గర ఆగింది. బాపు గడిలో 80 చూసి తీసేశాడు.

తర్వాత ఇంకొకటి అడిగాను. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఎన్ని రోజులున్నావ్? సెలవులు గుర్తు చేసుకుంటూ కూడాడు. 2012లో వెళ్లేముందు 90 రోజులు. 2014, 2016, 2018లో అరవై చొప్పున. 2020లో కరోనా వల్ల రాలేదు. 2021లో అరవై. మొత్తం 330 అని రాసి గీత కొట్టాడు.

“2018ల నలభై రోజులకే పోయినవ్,” అంది ఆమె. “కంపెనీ పిలిచిందని.”

330 కొట్టేసి 310 అని దిద్దాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. పన్నెండున్నర ఏళ్లలో ఏడాది కూడా నిండలేదు.

ఈ లెక్క గురించి ఒక హెచ్చరిక. దీన్ని ఏడిపించడానికి వాడకూడదు. అప్పులో నిండా మునిగి, తిరిగి వచ్చే దారే లేనివాళ్ల దగ్గర నేను ఈ ప్రశ్న అడగను, అది ఉత్త హింస. ఇతనికి ఎంచుకునే వీలుంది, ఆ సంగతే అతనికి తెలియదు. అందుకే అడిగాను.

ఇక పెద్ద ప్రశ్నను చిన్నది చేశాను. ‘2029లో ఒక మామూలు మంగళవారం పొద్దుటి నుంచి రాత్రి దాకా రాయండి’ అని ఇద్దరికీ వేర్వేరు కాగితాలిచ్చాను. పండగ కాదు, పెళ్లి కాదు, మంగళవారం. ‘జీవితంలో ఏం కావాలి’ అంటే నోరు పెగలని మనిషి అరపేజీ రాశాడు. ఏడింటికి కొడుకును బండి మీద దించడం, మండల కేంద్రంలో షాపు తెరవడం, మధ్యాహ్నం ఇంట్లో అన్నం, సాయంత్రం పొలం దిక్కు. ఆమె కాగితంలో షాపు లేదు, పొలం లేదు. పైఅంతస్తు తాళం తీసి ఆరు మిషన్లు వేసి, నలుగురు ఆడవాళ్లతో పని. అతను అది చదివి, ‘ఇది నాకెప్పుడు చెప్పలే’ అన్నాడు. ‘నువ్వెప్పుడు అడిగినవ్’ అంది.

అక్కడి నుంచి పని తేలికైంది. ఇద్దరి మంగళవారాల్లోనూ బైపాస్ ప్లాటు లేదు. దాన్ని అమ్మమని నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు.

రెండు నెలల రిహార్సల్

ఆ సెలవును సెలవులా కాకుండా తిరిగి వచ్చేసినట్టే గడపాలని ఒప్పందం. పెద్ద నిర్ణయాన్ని వెనక్కి తీసుకోగలిగేటప్పుడే పరీక్షించాలన్నది నా ఉద్దేశం. వీసా చేతిలో ఉండగా తప్పు తెలిస్తే పోయేదేమీ లేదు.

మండల కేంద్రంలో ఒక ఏసీ మెకానిక్ దగ్గర జీతం లేకుండా ఇరవై అయిదు రోజులు పనికి వెళ్లాడు. మొదటి వారంలోనే గుట్టు బయటపడింది. ఇతనికి వచ్చింది పెద్ద భవనాల డక్టింగ్. ఇక్కడ ఇళ్లలో ఉన్నవి ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీలు. గ్యాస్ నింపడం, రాగి పైపు ఫ్లేరింగ్ వచ్చు కానీ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతే ఏంచేయాలో తెలియదు. ‘పదిహేడేండ్లు ఏసీ పనే జేసిన సార్, ఇక్కడ ఇరవై ఏండ్ల పోరడు నాకు జెప్తుండు’ అన్నాడు. సిగ్గుపడ్డాడు గానీ మానలేదు. అన్నీ వదిలేసి వచ్చాక ఇదే సంగతి తెలిసి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. బెల్టు షాపు ముందు కూర్చునేవాళ్లలో చాలామంది అలా దెబ్బతిన్నవాళ్లే.

రెండో పాఠం ఖర్చుది. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు ఇల్లు నెలకు 17 వేలతో నడిచేది. అతను వచ్చిన మొదటి నెల 31 వేలు. దుబాయ్ నుంచి వచ్చినోడు కదా, ప్రతివాడికీ దావత్ కావాలి. రెండో నెల ‘దావత్ పద్దు’ అని రెండు వేలు విడిగా పెట్టాం. అది అయిపోతే ‘లేవన్నా’ అనాలి. ఆ నెల 22 వేలకు దిగింది. తిరిగి వచ్చినవాళ్ల డబ్బు మొదటి ఏడాదిలోనే కరిగిపోవడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు అంకెలు వేశాం, ఈసారి మంగళవారాల ప్రకారం. ఎండాకాలం ఐదు నెలలు 25 వేలు, మిగతా ఏడు నెలలు 10 వేలు వస్తాయనుకుంటే సగటున నెలకు 16 వేలు. ఆమె కుట్టుపని ఐదున్నర, కౌలు రెండు. మొత్తం 23 వేల పైచిలుకు, ఖర్చు 22. అంచు మీద ఉంది, కానీ నిలబడుతుంది. అంటే కావలసింది ముప్పై లక్షలు కాదు. అప్పు లేకపోవడం, పనిముట్లకు లక్షా ఇరవై వేలు, వానాకాలం దాటించే నిల్వ. పిల్లల పైచదువుకు మొదటి ప్లాటు అలాగే ఉంచాం.

పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చే ‘సెటిల్‌మెంట్’ ఎంతో అతనికి తెలియదు. పది లక్షలు దాటుతుందని క్యాంపులో అనుకుంటారట. యూఏఈ చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. 2025 ఫిబ్రవరికి పదమూడేళ్లు. బేసిక్ రోజుకు 60 దిర్హమ్‌లు. 105 రోజులకు 6,300, 240 రోజులకు 14,400, కలిపి 20,700. రూపాయల్లో ఐదు లక్షలకు కాస్త తక్కువ. రాజీనామా చేస్తే సగం కోస్తారన్న భయం కూడా ఉంది. 2022 ఫిబ్రవరి నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఆ కోత లేదు. ఇది తెలియక ఇంకో రెండేళ్లు ఉండిపోయినవాళ్లను నేను చూశాను.

తేదీ 2025 ఫిబ్రవరి అని వాళ్లిద్దరే పెట్టుకున్నారు. ఏసీ సీజన్ మొదలు, పదమూడేళ్లు నిండుతాయి, బిడ్డ పదో తరగతి పరీక్షలకు రెండేళ్ల ముందు.

తేదీ కింద మూడు గీతలు

ఈ కేసులో నిజంగా పనిచేసింది ఏదని అడిగితే, పట్టిక కంటే ముందు దీన్నే చెబుతాను. తేదీ రాశాక, అది ఏ కారణాలకు మారొచ్చో అప్పుడే, తల చల్లగా ఉండగానే రాయించాను. ఇంట్లో ఎవరికైనా మూడు లక్షలు దాటే వైద్యం వస్తే. డిసెంబర్‌కల్లా బైపాస్ ప్లాటు అమ్ముడుపోకపోతే. బోర్డు రిపేరు చేతికి రాకపోతే. వీటిలో ఏది జరిగినా ఆరు నెలలు, అదీ ఒక్కసారే. ఇంకే కారణానికీ మారదు. కింద ఇద్దరూ సంతకాలు చేశారు. కాగితం ఆమె దగ్గర, ఫొటో అతని ఫోన్లో.

అతను తిరిగి వెళ్లి, శుక్రవారాలు ఒక రిపేరు షాపులో కూర్చొని బోర్డుల పని నేర్చుకున్నాడు. ప్లాటు సెప్టెంబర్‌లో తొమ్మిది లక్షలకు పోయింది. గోల్డ్ లోన్ తీరింది.

అక్టోబర్‌లో ఫోన్. కంపెనీ ఫోర్‌మన్‌ను చేస్తానంది, నెలకు 700 దిర్హమ్‌లు ఎక్కువ. రెండేళ్లకు దాదాపు మూడు లక్షల ఎనభై వేలు. నిజం చెప్పాలంటే నేనూ ఊగాను. ‘రెండేళ్లే కదా’ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది! ఎందుకు ఆగానంటే, ఆశ పెట్టే ఇలాంటి మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలిసే కదా ఆ మూడు గీతలు రాయించింది. ఇంకో లెక్క కూడా ఉంది. నలభై ఒకటికి నిచ్చెనెక్కి గోడ మీద అవుట్‌డోర్ యూనిట్ బిగించగలిగే మనిషి నలభై ఎనిమిదికి కొత్తగా ఆ పని మొదలుపెట్టలేడు. కానీ అదేదీ అతనికి చెప్పలేదు. ‘కాగితంలో ఏముంది?’ అని మాత్రం అడిగాను.

మూడు రోజులకు కాగితం ఫొటో పంపాడు. మూడు గీతల కింద కొత్తగా రాశాడు: ‘ఫోర్‌మన్ – ఇందులో లేదు.’

సరిగ్గా ఆ నెలల్లోనే యూఏఈలో ఆమ్నెస్టీ (కాగితాలు లేనివాళ్లు జరిమానా లేకుండా ఇంటికి వెళ్లిపోయే క్షమాభిక్ష) నడుస్తోంది. అతని పాత రూమ్మేట్, ముప్పై లక్షలు లేనిదే ఏం జేస్తవ్ అన్నతను, ఔట్‌పాస్ మీద చేతిసంచితో దిగాడు.

ఇప్పుడెలా ఉంది

2025 ఫిబ్రవరిలో వచ్చేశాడు. సెటిల్‌మెంట్ పద్నాలుగు రోజుల్లో పడింది. బ్యాంకుకు వెళ్లి ఎన్ఆర్ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోమని నాలుగుసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది, అందరికీ చేయాల్సిందే.

మొదటి ఎండాకాలం అనుకున్నట్టే గడిచింది. జూలై, ఆగస్టుల్లో పది వేలనుకున్నది ఏడు, ఎనిమిదికి పడింది. నా అంచనా తప్పు, వానాకాలాన్ని నేను తక్కువగా చూశాను. ఆ నెలల్లో ఒకరోజు వచ్చి, ‘ఆ ఫోర్‌మన్ నౌకరి జేసుంటెనే బాగుండు సార్’ అన్నాడు. వాదించలేదు. నిల్వ ఎందుకు పెట్టామో గుర్తుచేసి, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు కూడా ముట్టుకొమ్మన్నాను. సెప్టెంబర్ నుంచి కాస్త నయం.

బిడ్డతో సంగతి అంత సులువుగా లేదు. ఫీజు కావాలన్నా, బయటికి పోవాలన్నా ఇప్పటికీ అమ్మనే అడుగుతుంది, అతను పక్కనే కూర్చున్నా సరే. దీనికి నా దగ్గర పట్టిక లేదు.

మొన్న ఇద్దరూ వచ్చినప్పుడు ఆ వయసుల కాగితం తెచ్చారు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించారు. 2029 గడిలో ఆమె పేరు కింద ‘6 మిషన్లు’ అని ఉన్నదాన్ని కొట్టేసి, 2027కు జరిపి, నీలం పెన్నుతో దిద్దింది. పైఅంతస్తు తాళం తీశారట. అతని గడిలో ‘సొంత షాపు’ మాత్రం ఇంకా పెన్సిల్‌తోనే ఉంది.